మెలొడీ, బ్లూస్, మెటల్, కృతులు: అన్నిటికీ ఒకే ట్యూబ్ యాంప్ హెడ్ కావాలి. ఏది తీసుకోవాలి? (తిరుపతి)

కోర్లగుంట_కార్డ్స్:

అన్నలకు నమస్తే. మాది తిరుపతి. మా బ్యాండు ఒకే రకం సంగీతానికి కట్టుబడింది కాదు. పెళ్ళి రిసెప్షన్లలో సినిమా మెలొడీలు, కాలేజీ ఫెస్టుల్లో హార్డ్ రాక్, డ్రాప్ సీ ట్యూనింగ్‌లో (తీగలను బాగా కిందికి దించి) మెటల్, మధ్యలో బ్లూస్ వాయిస్తాం. ఫ్యూజన్ ప్రోగ్రాం అయితే గిటార్ మీద రెండు మూడు కృతులు కూడా ఉంటాయి. వీటన్నిటికీ ఒకే ట్యూబ్ హెడ్ (స్పీకర్లు లేకుండా విడిగా వచ్చే ట్యూబుల గిటార్ యాంప్లిఫయర్) కొనాలని ఆలోచన. గిటార్లు రెండు: సింగిల్ కాయిల్ పికప్‌లున్న స్ట్రాట్ ఒకటి, హమ్‌బకర్ పికప్‌లున్నది ఇంకొకటి. కేబినెట్‌తో కలిపి నాలుగున్నర లక్షల దాకా పెట్టగలం.

మీసా బూగీ మార్క్ 7, మార్షల్ జేవీఎం410హెచ్, ఎంగిల్ వాళ్ళవి, హ్యూస్ అండ్ కెట్నర్ ట్రైయాంప్ మార్క్ 3 చూస్తున్నాం. మనసు మాత్రం డీజెల్ వీహెచ్4 మీద ఉంది. ఛానళ్ళు (ఒక్కో రకం శబ్దానికి ఒక్కోటి) ఎక్కువ ఉన్నది కొంటే మేలా? మా ఊరి కరెంటుకు ఇంత ఖరీదైన ట్యూబ్ యాంప్ తట్టుకుంటుందా? పెడల్స్, మోడలర్లు (యాంప్ శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించేవి) కొనమనే సలహా వద్దు అన్నా, అవి మా దగ్గర ఉన్నాయి.

రేణిగుంట_రెక్టో:

ఛానళ్ళ లెక్క పక్కన పెట్టండి. ఏ ఛానల్‌కి ఏ నాబ్‌లు సొంతం, ఏవి ఉమ్మడి అన్నది చూడండి. మీ డబ్బుకు పని జరుగుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

ఉదాహరణకు ఈవీహెచ్ 5150 3 యాభై వాట్ల హెడ్ తీసుకోండి. పేరుకు మూడు ఛానళ్ళు. కానీ మొదటి రెండు ఛానళ్ళకు బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు ఒకటే. స్ట్రాట్‌తో మెలొడీ వాయించడానికి ట్రెబుల్ 6 మీద పెట్టుకుంటే, అదే 6 క్రంచ్‌లోకి (కాస్త గరుకు శబ్దంలోకి) వెళ్ళగానే చెవిలో గుచ్చుతుంది. తగ్గిస్తే క్లీన్ (గరుకు లేని శబ్దం) మూగబోతుంది. మెటల్ ఒక్కటే వాయించేవాళ్ళకు అది గొప్ప యాంప్. మీ పాటల లిస్టుకు మాత్రం పనికిరాదు.

జేవీఎం410హెచ్‌లో నాలుగు ఛానళ్ళకూ గెయిన్ (డిస్టార్షన్‌ను పెంచే నాబ్), బాస్, మిడిల్, ట్రెబుల్, వాల్యూం, రివర్బ్ విడివిడిగా ఉంటాయి. ఒక్కో ఛానల్‌లో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు అని మూడు మోడ్‌లు. మొత్తం పన్నెండు శబ్దాలు. ప్రెజెన్స్ (పై పదును), రెజొనెన్స్ (కింది బరువు) నాబ్‌లు మాత్రం ఉమ్మడి. మాస్టర్ వాల్యూంలు రెండున్నాయి కాబట్టి సోలోకి రెండో మాస్టర్ పెట్టుకోవచ్చు. ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది కానీ స్టేజి మీద దీని విలువ తెలుస్తుంది. మార్క్ 7లో మూడు ఛానళ్ళు, ఒక్కోదానికి మూడు మోడ్‌లు. పవర్ కూడా ఛానల్‌కి వేరుగా 90, 45, 25 వాట్లలో ఒకటి పెట్టుకోవచ్చు. ఐదు స్లైడర్ల గ్రాఫిక్ ఈక్యూ ఒక్కటే గానీ, ఏ ఛానల్‌లో అది పని చేయాలో మీరే నిర్ణయించుకోవచ్చు. వీహెచ్4లో నాలుగు ఛానళ్ళకూ గెయిన్, టోన్ నాబ్‌లు విడివిడిగా ఉంటాయి, ఒక్కో ఛానల్‌కి వేరే ఇన్సర్ట్ (పెడల్ తగిలించే జాక్) కూడా ఉంది. కానీ కొత్తది తీసుకుంటే మీ బడ్జెట్‌లో కేబినెట్‌కు ఏమీ మిగలదు.

ఎన్ని ఛానళ్ళున్నా ఫేజ్ ఇన్వర్టర్, పవర్ ట్యూబులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్లు అన్నిటికీ ఒకటే. అందుకే ఒకే డబ్బాలోంచి అచ్చమైన ఫెండర్ క్లీను, అచ్చమైన మార్షల్ క్రంచూ రెండూ రావాలంటే ఏ కంపెనీ వల్లా కాదు. ఆ యాంప్ మూల స్వభావం మీకు నచ్చాలి, మిగతా ఛానళ్ళు దానికి దగ్గరగా సర్దుకుంటాయి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. మార్షల్ తరహా సర్క్యూట్‌లో టోన్ నాబ్‌లు డిస్టార్షన్ పుట్టిన తర్వాత వస్తాయి. మీసా మార్క్ తరహాలో హై గెయిన్ దశలకు ముందే వస్తాయి. కాబట్టి మీసా మార్క్ 7 మూడో ఛానల్‌లో బాస్ 5 మీద పెడితే ఆ బాస్ అంతా తర్వాతి ట్యూబుల్లోకి దూరి బురద అవుతుంది. డ్రాప్ సీలో పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచుతో తీగలను అణిచి మీటితే) 'చగ్' అని తెగదు, 'బొవ్' అని సాగుతుంది. షాపులో వాయించి "మీసా బాగాలేదు" అని వెళ్ళిపోయేవాళ్ళలో సగం మంది దీనివల్లే వెళ్ళిపోతారు. బాస్ 1 నుంచి 2 మధ్య, మిడ్ 4, ట్రెబుల్ 7, గెయిన్ 6 దగ్గర పెట్టండి. పోయిన బాస్‌ను గ్రాఫిక్ ఈక్యూలో 80 హెర్ట్జ్ స్లైడర్ పైకి జరిపి తెచ్చుకోండి. 750 స్లైడర్‌ను మధ్య గీతకు కాస్త కింద ఉంచండి. పూర్తిగా కిందికి లాగితే గదిలో బ్రహ్మాండంగా ఉంటుంది, బ్యాండులో గిటారే వినపడదు. జేవీఎంలో ఈ బాధ లేదు. బాస్ 5, మిడిల్ 6 పెట్టి మొదలెట్టొచ్చు. కానీ ఓడీ2 (నాలుగో ఛానల్) ఎరుపు మోడ్‌లో గెయిన్ 5 దాటితే డ్రాప్ సీలో బిగువు పోతుంది. దాని ముందు ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ పెట్టి, డ్రైవ్ సున్నా, లెవెల్ ముప్పావు పెట్టాలి. ఆ పెడల్ కింది బాస్‌ను కోసేస్తుంది, అదే మనకు కావలసింది.

పవర్ ట్యూబుల రకం గురించి ఎక్కువ ఆలోచించకండి. 6ఎల్6 అంటే కింద గట్టిగా, పైన విశాలంగా ఉంటుంది. ఈఎల్34 మిడ్‌లో ముందుకొస్తుంది. ఈఎల్84 త్వరగా నలిగి (డిస్టార్షన్‌లోకి జారి) తియ్యగా పలుకుతుంది. మాట నిజమే. కానీ ఇవి బాగా పెంచి వాయించినప్పుడు బయటపడే తేడాలు. మాస్టర్ 3 మీద ఉంటే మీరు వినేదంతా ప్రీయాంప్‌లోని (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే భాగంలోని) చిన్న ట్యూబులు 12ఏఎక్స్7ల పనే.

మీ లిస్టుకు నా ఓటు మార్క్ 7కి. మెలొడీలకు మొదటి ఛానల్ క్లీన్ మోడ్, బ్లూస్‌కి అదే ఛానల్‌లో ఫ్యాట్, హార్డ్ రాక్‌కి రెండో ఛానల్ క్రంచ్, మెటల్‌కి మూడోదాంట్లో 2సీ ప్లస్ మోడ్. మిడి (ఫుట్ కంట్రోలర్‌తో ఛానళ్ళు మార్చే డిజిటల్ ఏర్పాటు) కూడా లోపలే ఉంది. సెట్‌లో సగానికి పైగా హార్డ్ రాకే అయితే మాత్రం జేవీఎం తీసుకుని, మిగిలిన డబ్బు మంచి కేబినెట్‌లో పెట్టండి. ఎంగిల్ మెటల్‌కి గట్టిది, బిగువైనది. మెలొడీలకు దాని క్లీన్ బిరుసుగా అనిపిస్తుంది. ట్రైయాంప్ మార్క్ 3లో ఆరు ఛానళ్ళు, పాడైన పవర్ ట్యూబును అదే పట్టుకునే టీఎస్‌సీ ఏర్పాటు ఉన్నాయి. గొప్ప ఇంజినీరింగ్. కానీ లోపల అంత చిక్కుగా ఉన్నదాన్ని విప్పి బాగుచేసే చెయ్యి మన చుట్టుపక్కల దొరకదు.

చిత్తూరు_సోల్డర్:

యాంప్ ఎంపిక పైన అన్న బాగానే చెప్పాడు. కరెంటు సంగతి నేను చెప్తా. మన పక్క యాంప్‌ను చంపేది కరెంటే.

ట్యూబు హీటర్‌కి 6.3 వోల్టులు కావాలి, పది శాతం అటూ ఇటూ పర్లేదు. 230 వోల్టుల దగ్గర 6.3 వచ్చేలా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి ఉంటారు. రాత్రి లోడ్ తగ్గి లైను 250కి పోతే హీటరు 6.85 అవుతుంది, ఇంకా హద్దులోనే. 260 అయితే 7.1, హద్దు దాటింది. పవర్ ట్యూబుల ప్లేటు వోల్టేజీ కూడా అదే లెక్కన లేస్తుంది. పల్లెల పక్క మోటర్లు ఆడేటప్పుడు 190కి పడితే హీటరు 5.2కి దిగుతుంది. శబ్దం డీలా పడుతుంది, ఛానల్ మార్చే రిలేలు టకటకలాడతాయి. అట్లా వాయించొద్దు.

1 కేవీఏ సర్వో స్టెబిలైజర్ కొనండి. వంద వాట్ల హెడ్ గట్టిగా వాయించేటప్పుడు 300 నుంచి 500 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి 1 కేవీఏ చాలు. ఏసీకి పెట్టే రిలే రకం స్టెబిలైజర్ తగిలించొద్దు. అది మెట్లు మెట్లుగా వోల్టేజీ మారుస్తుంది, మారిన ప్రతిసారీ స్పీకర్‌లో టప్పుమంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ మీద వాయించాలంటే సైన్ వేవ్‌ది అయ్యుండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌లో మీటరు 230 చూపించినా దాని శిఖరం కూడా 230 దగ్గరే ఆగిపోతుంది. మామూలు లైనులో శిఖరం 325. రెక్టిఫయర్ తీసుకునేది ఆ శిఖరాన్నే. అందుకే ప్లేటు వోల్టేజీ దాదాపు 30 శాతం తగ్గిపోతుంది, పైన జుయ్‌మని రొద.

స్టేజి మీద ఇంకో ప్రమాదముంది. గంగమ్మ జాతరప్పుడో, ఏదైనా ఊరి తిరునాళ్ళలోనో జనరేటర్ నుంచి మూడు ఫేజులు లాగి లైట్లకు, సౌండుకు పంచుతారు. న్యూట్రల్ వైరు యాడన్నా వదులైతే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను లోడ్లు పంచుకుంటాయి. లోడ్ తక్కువున్న ఫేజు మీద 300, 350 కూడా వస్తుంది. యాంపు ఒక్క క్షణంలో పోతుంది. సర్వో మోటరు తిరిగి సర్దేలోపే పని అయిపోతుంది కాబట్టి స్టెబిలైజర్ దీనికి కాపలా కాదు. 260 దాటితే కోసేసే ఓవర్ వోల్టేజ్ కటాఫ్ ఒకటి దాని ముందు ఉండాల్సిందే.

హెడ్ ప్లగ్గు పెట్టకముందు మల్టీమీటర్‌తో మూడు కొలతలు చూడండి. ఫేజు-న్యూట్రల్ 215 నుంచి 245 మధ్య ఉండాలి. ఫేజు-ఎర్త్ కూడా దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య 2, 3 వోల్టులకు మించకూడదు. 5 దాటిందంటే ఎర్తు సరిగ్గా లేదు, లేదా న్యూట్రల్ వదులుగా ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించేదాకా ఆగండి. లైట్లన్నీ వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి కొలవమని చెప్పండి. లైట్లు ఆర్పగానే జనరేటర్ వోల్టేజీ ఒక్కసారిగా లేస్తుంది, అది అప్పుడే కనిపిస్తుంది.

ఇంట్లో ఎర్త్ గురించి ఒక్క మాట. కొండ పక్క రాతి నేల. ఎండాకాలం ఎర్త్ పిట్ ఎండిపోతే హమ్ము పెరుగుతుంది, గిటార్ తీగల మీద చెయ్యి తీస్తే గుయ్యిమంటుంది. ఉప్పు, బొగ్గు వేసిన పిట్ అయితే వారానికి రెండు బిందెల నీళ్ళు పోయండి. హమ్ము పోతుందని ఎర్త్ పిన్ను పీకేసేవాళ్ళున్నారు. లోపల 450, 500 వోల్టులుండే డబ్బా అది. ఇన్సులేషన్ తప్పితే ఆ కరెంటు చాసిస్ నుంచి తీగల మీదికి, తీగల నుంచి మీ చేతికి వస్తుంది. ఎప్పుడూ అట్లా చెయ్యొద్దు.

కోర్లగుంట_కార్డ్స్:

చాలా ఉపయోగపడింది అన్నా. ఇంకో మూడు సందేహాలు. అమెరికా నుంచి వస్తున్నవాళ్ళ చేత 120 వోల్టుల మార్క్ తెప్పిస్తే బాగా తక్కువలో వస్తుంది, స్టెప్‌డౌన్ పెట్టి వాడొచ్చా? ఇంట్లో పది బై పది గదిలో ప్రాక్టీసు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. 25 వాట్ల మోడ్ పెట్టుకుంటే సరిపోతుందా? కృతులకు ఏ ఛానల్ వాడాలి? క్లీన్‌లో గమకం మధ్యలోనే స్వరం ఆరిపోతోంది, గెయిన్ పెంచితే గరగరమంటోంది.

చిత్తూరు_సోల్డర్:

120 దాని గురించి. వెనక పలక మీద 50/60 హెర్ట్జ్ అని ఉంటే 1000 వీఏకి తగ్గని స్టెప్‌డౌన్‌తో వాడొచ్చు. 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే వద్దు. 60కి లెక్కేసి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 50 మీద నడిపితే కోర్‌లో అయస్కాంత ప్రవాహం 20 శాతం ఎక్కువవుతుంది. కోర్ నిండిపోయి వేడెక్కుతుంది, మే నెల ఎండలో ఇంకా ఎక్కువ. దానికితోడు స్టెప్‌డౌన్ ఒక పది కిలోల బరువు. అన్నిటికంటే భయం ఏమంటే, స్టేజి మీద తొందరలో ఎవరో ఒకరు స్టెప్‌డౌన్ వదిలేసి నేరుగా 230లో గుచ్చుతారు. ఫ్యూజు పోతే మన అదృష్టం, లేకుంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. కంపెనీ వారంటీ కూడా ఇక్కడ చెల్లదు. 230 వోల్టులదే కొనండి.

జారు_కంపితం:

కృతుల సంగతి నేను చెబుతాను.

క్లీన్‌లో స్వరం ఆరిపోవడం సహజం. మీటు ఒక్కసారి పడుతుంది, ఆ తర్వాత తీగ శక్తి తగ్గుతూనే ఉంటుంది. గమకం పూర్తయ్యేదాకా స్వరం ఒకే నిండుదనంతో నిలవాలంటే కంప్రెషన్ కావాలి. ట్యూబు కాస్త నలిగినప్పుడు అది తనంతట తానే వస్తుంది. కాబట్టి పూర్తి క్లీన్ వద్దు, పూర్తి డిస్టార్షన్ వద్దు. మార్క్ 7 అయితే మొదటి ఛానల్ ఫ్యాట్‌లో, జేవీఎం అయితే క్లీన్ ఛానల్ నారింజలో, గట్టిగా మీటితే మాత్రమే కొంచెం గరుకు వినిపించేదాకా గెయిన్ పెంచి అక్కడ ఆపండి. స్ట్రాట్ మెడ దగ్గరి పికప్, గిటార్ వాల్యూం 8. రివర్బ్ చాలా తక్కువ. రివర్బ్ ఎక్కువైతే జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) వెళ్ళిన దారంతా మసకబారుతుంది, కంపితంలో (స్వరాన్ని ఊపే గమకంలో) పై స్వరం, కింది స్వరం ఒకదానిమీద ఒకటి పడతాయి. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకం ఎంత నిండుగా పలుకుతుందో మాండొలిన్ శ్రీనివాస్ గారు లోకానికి వినిపించారు. ఆ కచేరీలు శ్రద్ధగా వింటే అక్కడ స్వరం ఎంత పొడిగా, ఎంత దగ్గరగా ఉంటుందో తెలుస్తుంది.

గరగర ఎందుకొస్తుందంటే, డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు వాటి మొత్తం, వాటి తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. స, ప కలిపి మోగిస్తే నిష్పత్తి 2:3. తేడా 1, అంటే షడ్జానికి ఒక స్థాయి కింద అదే షడ్జం. అందుకే పవర్ కార్డులు ఎంత గెయిన్‌లోనైనా శుభ్రంగా ఉంటాయి. స, అంతర గాంధారం కలిస్తే, అదీ ఫ్రెట్ల మీది గాంధారం అయితే, పుట్టే తేడా స్వరం ఎక్కడా కుదరదు. కృతిలో మీరు రెండు స్వరాలు కావాలని మోగించరు గానీ, పక్క తీగ తగిలి మోగుతూ ఉంటుంది. కుడి అరచేతి అంచుతో కింది తీగలను, ఎడమ చూపుడు వేలితో పై తీగలను మూసి ఉంచండి. గరగరలో ముప్పాతిక వంతు అక్కడే పోతుంది.

ఇక ఇంట్లో వాయించడం. 25 వాట్ల మోడ్ వల్ల పొరుగువాళ్ళకు ఒరిగేదేమీ లేదు. 90 నుంచి 25కి దిగితే తగ్గేది ఐదున్నర డెసిబెళ్ళు మాత్రమే. సెలెషన్ వింటేజ్ 30 స్పీకర్ ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 100 డెసిబెళ్ళు ఇస్తుంది. పది బై పది గదిలో ఒక్క వాటే ఎక్కువ. పవర్ తగ్గించే మీట ఉన్నది ట్యూబులు ముందుగా నలగడానికి, నిశ్శబ్దం కోసం కాదు. ఇంట్లోకి హెడ్‌ఫోన్స్ దారి చూసుకోండి. మార్క్ 7లో క్యాబ్‌క్లోన్ ఐఆర్ (కేబినెట్ శబ్దాన్ని అనుకరించే ఏర్పాటు), హెడ్‌ఫోన్ సాకెట్ లోపలే ఉన్నాయి. జేవీఎం అయితే టూ నోట్స్ క్యాప్టర్ ఎక్స్ లాంటి రియాక్టివ్ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు యాంప్ పవర్‌ను తీసుకునే పెట్టె) విడిగా కొనాలి. అది 8 ఓమ్‌ల రకం, 16 ఓమ్‌ల రకం అని వేరువేరుగా వస్తుంది, మీ కేబినెట్‌తో సరిపోయేది చూసి తీసుకోండి. ఉత్త రెసిస్టర్ రకం లోడ్ చవక. కానీ స్పీకర్ ఇంపీడెన్స్ కింద ఒకచోట, పైన ఒకచోట లేస్తుంది. రెసిస్టర్‌కు ఆ మలుపులు ఉండవు కాబట్టి శబ్దం చప్పగా వస్తుంది.

స్పీకరు గానీ లోడు గానీ లేకుండా ట్యూబ్ హెడ్ స్టాండ్‌బై తియ్యకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసి ఇన్సులేషన్ చిల్లు పడుతుంది. హెడ్ నుంచి కేబినెట్‌కు స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబులు చూడటానికి అలాగే ఉన్నా లోపలి తీగ సన్నం, వేడెక్కి తెగితే మళ్ళీ అదే ప్రమాదం.

కేబినెట్ వెనక మూసి ఉన్న 2×12 చాలు. మీ సెట్‌కు ఒక వింటేజ్ 30, ఒక సెలెషన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ కలిపి వేయించడం నాకు నచ్చిన కూర్పు. మొదటిది డ్రాప్ సీలో కోతను ఇస్తుంది, రెండోది మెలొడీలో ఆ పదును కాస్త తగ్గిస్తుంది. ఒక్కటే జాగ్రత్త: గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది, జతలో చిన్నదాని లెక్కే మొత్తానికి లెక్క. అంటే కేబినెట్ 50 వాట్లకే. కాబట్టి హెడ్‌ను 45 వాట్ల మోడ్‌లోనే నడపాలి. పూర్తి 90 కావాలంటే రెండూ వింటేజ్ 30లు వేయండి, 120 వాట్లు అవుతుంది. స్పీకర్లు రెండూ 16 ఓమ్‌లవి తీసుకుని ప్యారలల్‌గా కలిపితే 8 ఓమ్‌లు.

రేణిగుంట_రెక్టో:

చెన్నైకో బెంగళూరుకో వెళ్ళి వాయించి చూడకుండా కొనకండి. మీ రెండు గిటార్లు, మీ కేబుల్ తీసుకెళ్ళండి. ఆన్ చేశాక ఐదు నిమిషాలు వేడెక్కనివ్వండి. గిటార్ తగిలించకుండా గెయిన్‌లు సున్నాలో పెట్టి, మాస్టర్ సగానికి తెచ్చి చెవి పెట్టండి. కొంచెం హమ్ము మామూలే. 100 హెర్ట్జ్ హమ్ము బుర్రుమని గరుకుగా ఉంటుంది, ఎక్కువుంటే ఫిల్టర్ కెపాసిటర్లు అరిగినట్టు. 50 హెర్ట్జ్‌ది మెత్తగా, ఇంకా కిందుగా ఉంటుంది, అది హీటర్లదో ఎర్త్‌దో. తర్వాత గెయిన్ పెంచి, పెన్సిల్ రబ్బరు వైపుతో ప్రీయాంప్ ట్యూబులను ఒక్కొక్కటీ మెల్లగా తట్టండి. టిక్కుమంటే పర్లేదు, టింగ్‌మని మోగుతూ పోతే ఆ ట్యూబు మైక్రోఫోనిక్. ఇన్‌పుట్‌కు దగ్గరిదైన వీ1 అలా మోగితే మార్చి తీరాలి.

ఎఫెక్ట్స్ లూప్ (డిలే లాంటి పెడల్స్ తగిలించే సెండ్, రిటర్న్ జాక్‌లు) వాడి చూడండి. శబ్దం మధ్యమధ్య తెగుతుంటే, సెండ్ నుంచి రిటర్న్‌కు చిన్న కేబుల్ వేయండి. సరిపోయిందంటే ట్యూబులు కాదు, రిటర్న్ జాక్‌లోని కాంటాక్ట్ మురికిపట్టింది. చిన్న శుభ్రం పని. వాడినది కొంటుంటే దీన్ని చూపి ధర తగ్గించవచ్చు. లూప్ ప్యారలల్‌లో ఉంటే (అసలు శబ్దం పెడల్ దాటి నేరుగా కూడా వెళ్తుంటే) డిలే పెడల్‌లో డ్రై శబ్దం (ఎఫెక్ట్ కలవనిది) ఆపేయాలి. లేకపోతే రెండు డ్రైలు కొద్ది తేడాతో కలిసి శబ్దం డొల్లగా వస్తుంది. జేవీఎంలో లూప్ మిక్స్ పూర్తిగా వెట్ (ఎఫెక్ట్ శబ్దం) వైపు తిప్పేయడమే సులువు.

ఛానళ్ళన్నీ డ్రమ్ముల ఎత్తుకు సమంగా తెచ్చి చూడండి. ఒక్కో ఛానల్ ఒంటరిగా బాగుండటం వేరు, క్లీన్ నుంచి లీడ్‌కు తొక్కినప్పుడు శబ్దం మునిగిపోకుండా ఉండటం వేరు. క్లీన్ ఛానల్‌ను ముందు సెట్ చేయండి, దానికే హెడ్‌రూం (నలగకుండా పెరిగే వీలు) ఎక్కువ కావాలి. డిస్టార్షన్ ఛానళ్ళను దానికి తగ్గట్టు తెచ్చుకోండి.

కోర్లగుంట_కార్డ్స్:

మార్క్ 7కే వస్తున్నాం అన్నా, 230 వోల్టులది. వింటేజ్ 30లు రెండూ వేసి 2×12. ట్యూబులు, స్పేర్లు ఏమేం పెట్టుకోవాలి?

చిత్తూరు_సోల్డర్:

12ఏఎక్స్7లు రెండు, 6ఎల్6ల మ్యాచ్ చేసిన నాలుగింటి సెట్టు ఒకటి, పలక మీద రాసిన విలువ గల స్లో బ్లో ఫ్యూజులు ఐదేసి. మీసా హెడ్లలో సాధారణంగా బయాస్ (పవర్ ట్యూబు ఎంత కరెంటు లాగాలో పెట్టేది) తిప్పే నాబ్ ఉండదు. వాళ్ళే రంగు గుర్తు వేసి అమ్ముతారు, ఇప్పుడున్న వాటి మీద ఏ రంగుందో అదే రంగు అడగండి. యాదో ఒక 6ఎల్6 తెచ్చి గుచ్చితే చల్లగా పడి శబ్దం పొడిబారొచ్చు, లేదా వేడెక్కి ప్లేట్లు ఎర్రబడొచ్చు. జేవీఎం అయితే ట్యూబులు మార్చిన ప్రతిసారీ బయాస్ పెట్టించాల. లెక్క ఇది: ఈఎల్34కి 25 వాట్లు హద్దు, దాంట్లో 70 శాతం అంటే 17.5, ప్లేటు 450 వోల్టులుంటే 39 మిల్లియాంప్స్. అంతకు మించొద్దు. పవర్ ఆపినా కెపాసిటర్లలో వోల్టేజీ నిలిచి ఉంటుంది కాబట్టి ఇది తెలిసిన చేతి పని.

స్టేజి మీద ఒక ట్యూబు ప్లేటు ఎర్రగా కాలుతూ కనిపిస్తే వెంటనే ఆపేయండి, పాట మధ్యలో ఉన్నా సరే. ఫ్యూజు పోతే ఒక్కసారి మార్చి చూడండి. మళ్ళీ పోయిందంటే పవర్ ట్యూబు షార్టయి ఉండొచ్చు. దాని జత ట్యూబును కూడా పీకి, మిగిలిన జతతో సగం పవర్ మీద నడపొచ్చా అన్నది మాన్యువల్‌లో చూసుకుని అప్పుడు చెయ్యండి. ఫ్యూజు బదులు రేకు, వైరు ముక్క చుట్టొద్దు.

వెనక గోడకు అరడుగు ఖాళీ ఉంచండి, ఎండాకాలం చిన్న టేబుల్ ఫ్యాను వెనక నుంచి తిప్పండి. ప్రోగ్రాం అయ్యాక పావుగంట చల్లారనిచ్చి గాని కేసులో పెట్టొద్దు. వేడి మీద ఫిలమెంట్ మెత్తగా ఉంటుంది, పూతలపట్టు రోడ్డు మీద ఒక్క గుంత చాలు అది కుంగిపోవడానికి. హెడ్ 20 కిలోల దగ్గర ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే పక్కన ఉంటాయి. కేసులో ఆ బరువు వైపు ఫోం మందంగా వేయించి, హెడ్‌ను స్టేజి మీద పెట్టినట్టే పెట్టి తీసుకెళ్ళండి.